కైల్ ఫీల్డ్ నవంబర్లు

టెక్సస్ రాష్ట్రంలోని కాలేజ్ స్టేషన్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆట ఉన్న రోజున ఊరి గాలి నిండా ఓక్ కట్టెల పొగ వాసన ఉంటుంది. విశ్వవిద్యాలయం చుట్టూ ఉన్న పార్కింగ్ స్థలాల్లో ముందు రాత్రి నుంచే పెద్ద పెద్ద ఇనుప పొయ్యిలు రాజుకుంటాయి. వాటిలో మాంసం గంటల తరబడి పొగకు మగ్గుతుంటే, మెరూన్ రంగు చొక్కాలు వేసుకున్న కుటుంబాలు గుడారాల కింద కుర్చీలు వేసుకుని ఆట సమయం కోసం ఎదురుచూస్తుంటాయి. 2024 నవంబరు ఆఖరి శనివారం, చాలా కాలం తరువాత నేను అక్కడ కారు దిగగానే ఆ పొగ ముక్కుకు తగిలింది. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో నేను చదువుకున్న రోజులు వరుస తప్పి ఒక్కసారిగా ముసురుకున్నాయి.

ఆ రోజు ఆట టెక్సస్ విశ్వవిద్యాలయంతో. ఏ అండ్ ఎం 2012లో బిగ్ 12 అనే విశ్వవిద్యాలయ జట్ల సమాఖ్యను వదిలి ఎస్‌ఈసీ అనే మరో సమాఖ్యలో చేరినప్పుడు తెగిపోయిన పాత వైరం, టెక్సస్ కూడా అదే సమాఖ్యలోకి రావడంతో మళ్ళీ మొదలైంది. కొత్త కోచ్ మైక్ ఎల్కో చేతిలో ఆ ఏడాది జట్టు ఏడు గెలుపులు, ఒకే ఒక్క ఓటమితో అక్టోబరు నెలను దాటింది. ఆ తరువాత సౌత్ కరొలైనా చేతిలో 44-20 తేడాతో ఓడింది. అదనపు సమయం నాలుగు విడతలు సాగిన పోరులో ఆబర్న్ చేతిలో 43-41తో ఓడింది. ఆ రాత్రి మా కళ్ళ ముందే టెక్సస్ చేతిలో 17-7తో ఓడింది. జనంతో పాటు మెట్లు దిగుతుంటే నా ముందు నడుస్తున్న పెద్దాయన ఒకరు, పక్కనున్న కొడుకు భుజం మీద చెయ్యి వేసి, "మళ్ళీ నవంబరే" అన్నారు. కొడుకు తల ఊపాడు. ఇద్దరికీ అంతకన్నా వివరణ అక్కరలేకపోయింది. నాకూ అక్కరలేదు. తరువాత, సీజన్ చివర ఆడే బౌల్ ఆట కూడా పోవడంతో ఆ జట్టు 8-5 దగ్గర, అంటే ఎనిమిది గెలుపులు, అయిదు ఓటముల దగ్గర ఆగింది. నేను దగ్గర నుంచి చూసిన 2014, 2015, 2016 సీజన్లు మూడూ ముగిసింది సరిగ్గా ఆ అంకెల దగ్గరే.

ఆట నేర్చుకున్న కాలం

మేము నలుగురం తెలుగు కుర్రాళ్ళం ఒక అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ళం. ఒకడిది తెనాలి, ఒకడిది కరీంనగర్, ఇంకొకడిది అనంతపురం. నలుగురికీ క్రికెట్ తప్ప వేరే ఆట పట్టదు. 2014 ఆగస్టు చివర్లో, ఇంకా సామాను పెట్టెలు కూడా పూర్తిగా విప్పకముందే, ఒక గురువారం రాత్రి మా పై ఇంట్లో ఉండే సీనియర్ ఒకాయన వచ్చి, "రండి తమ్ముడూ, ఇక్కడ బతకాలంటే ఇది చూడక తప్పదు" అని మమ్మల్ని తన గదికి తీసుకువెళ్ళి టీవీ ముందు కూర్చోబెట్టాడు. ఆ రాత్రి ఏ అండ్ ఎం, సౌత్ కరొలైనాను దాని సొంత మైదానంలోనే 52-28తో ఓడించింది. కెనీ హిల్ అనే క్వార్టర్‌బ్యాక్, అంటే పాస్‌లు విసిరి దాడిని నడిపే ఆటగాడు, మొదటిసారి జట్టును నడిపిస్తూ, 511 గజాల పాస్‌లు వేశాడు. దానితో అంతకుముందు క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన జానీ మాన్‌జెల్ పేరున ఉన్న విశ్వవిద్యాలయ రికార్డు చెరిగిపోయింది. మాకు ఆ ఆట సగం కూడా అర్థం కాలేదు కానీ, పై ఇంట్లో, పక్క ఇంట్లో, ఎదుటి వీధిలో ఒకేసారి లేచిన కేకలు మాత్రం బాగా గుర్తున్నాయి.

మాన్‌జెల్ పేరు ఆ ఊళ్ళో అప్పటికి రెండేళ్ళుగా మారుమోగుతోంది. 2012లో ఎస్‌ఈసీలో అడుగుపెట్టిన తొలి ఏడాదే, కొత్తగా వచ్చిన కోచ్ కెవిన్ సమ్లిన్ జట్టును 11-2తో నిలిపారు. ఆ నవంబరులో మొదటి స్థానంలో ఉన్న అలబామాను దాని ఊరికే వెళ్ళి 29-24తో ఓడించారు. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా ఉత్తమ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ బహుమతి అందుకున్న మొదటి ఫ్రెష్‌మన్‌గా (మొదటి ఏడాది ఆటగాడిగా) మాన్‌జెల్ చరిత్రకెక్కాడు. 2013 చివర్లో విశ్వవిద్యాలయం సమ్లిన్‌తో ఏడాదికి 50 లక్షల డాలర్ల చొప్పున ఆరేళ్ళ ఒప్పందం రాసుకుంది. మేము వచ్చేనాటికి మాన్‌జెల్ వెళ్ళిపోయాడు, కానీ అతను ఉన్నప్పటి ఆశలన్నీ అలాగే ఉన్నాయి.

నాకు ఆట నిజంగా నేర్పినవారు మా ప్రయోగశాలలో పనిచేసిన ఒక పెద్ద టెక్నీషియన్. ఆయన అక్కడే చదువుకున్నారు. వేలికి ఆ విశ్వవిద్యాలయపు బంగారు ఉంగరం ఎప్పుడూ ఉండేది. పరీక్షకు పెట్టిన కాంక్రీటు దిమ్మలు యంత్రంలో నలుగుతుంటే, ఆ చప్పుడు మధ్యలోనే, రద్దు కాగితం మీద గీతలు గీసి ఆట చెప్పేవారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్ళాలి, వెళితే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి, వెళ్ళలేకపోతే బంతి ఎదుటివాళ్ళది. ఇంతవరకు ఎవరైనా చెప్పగలరు. ఆయన చెప్పిన మరో మాట మాత్రం నేను ఇంకెవరి నోటా వినలేదు. బంతిని చూడవద్దు, ముందు వరుసలో ఒకరినొకరు తోసుకునే ఆ భారీ మనుషుల పాదాలు చూడు, ఆటలోని నాలుగు పావుల్లో మొదటి పావులో ఎవరి మడమలు వెనక్కి జరుగుతున్నాయో, నాలుగో పావులో ఎవరివి జరుగుతున్నాయో గమనించు, స్కోరు బోర్డు కన్నా ముందే నీకు ఫలితం తెలిసిపోతుంది అనేవారు. కబడ్డీలో కూతకు వచ్చినవాడిని పట్టడం ఎంతగా కాళ్ళ పట్టు మీద ఆధారపడుతుందో చిన్నప్పుడు చూసినవాణ్ణి కాబట్టి, ఆ మాట నాకు వెంటనే ఎక్కింది.

అర్ధరాత్రి కేకలు

సొంత మైదానంలో ఆట ఉంటే ముందు రోజు అర్ధరాత్రి విద్యార్థులందరూ విశ్వవిద్యాలయ స్టేడియం కైల్ ఫీల్డ్‌కు చేరేవారు. దానిని మిడ్‌నైట్ యెల్ అంటారు. తెల్లటి దుస్తులు వేసుకున్న అయిదుగురు యెల్ లీడర్లు మైదానంలో నిలబడి చేతులతో సైగలు చేస్తే, ముందు వరుసవాళ్ళు అదే సైగను వెనక్కి అందించేవారు. అది ఒక వరుస నుంచి ఇంకో వరుసకు పాకుతూ పై అంతస్తు దాకా వెళ్ళేది. అప్పుడు అందరూ ఒక్కసారిగా నడుము వంచి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, ఒకే గొంతుతో కేక వేసేవారు. వంగి అరవడం వల్ల ఆ కేక గొంతు నుంచి కాక పొట్ట లోతుల్లోంచి వచ్చేది. మా తెనాలివాడు మొదటి రాత్రే గొంతు పోగొట్టుకుని రెండు రోజులు సైగలతో మాట్లాడాడు. చివర దీపాలు ఆర్పేవారు. వేల మంది చేతుల్లో లైటర్లు వెలిగేవి.

టికెట్ల పద్ధతి కూడా ఇప్పటి పిల్లలకు చెబితే వింతగా ఉంటుంది. స్పోర్ట్స్ పాస్ ఉన్నంత మాత్రాన సీటు వచ్చేది కాదు. ఆట ఉన్న వారంలో స్టేడియం కిటికీ దగ్గర వరుసలో నిలబడి టికెట్టు తీసుకోవలసి వచ్చేది. సీనియర్లకూ పీజీ విద్యార్థులకూ సోమవారం, తక్కిన తరగతులకు ఆ తరువాతి రోజులు. పెద్ద ఆటలకు ముందు రాత్రి నుంచే గుడారాలు వెలిసేవి. మేము వంతులవారీగా కాపలా ఉండేవాళ్ళం. ఒకడు పుస్తకం పట్టుకుని కూర్చుంటే, మరొకడు డబ్బాలో పులిహోర పట్టుకొచ్చేవాడు. పక్క గుడారంలోని టెక్సస్ రాష్ట్రపు కుర్రాళ్ళు ఆ పులిహోర తిని, దానికి బదులుగా మాకు ఎదుటి జట్టు ఆటగాళ్ళ బలాబలాలు వివరించేవారు.

ఆట జరిగినంతసేపూ విద్యార్థులు నిలబడే ఉంటారు. 1922 జనవరిలో సెంటర్ కాలేజీతో ఆడుతున్నప్పుడు గాయాలతో ఆటగాళ్ళు తగ్గిపోతుంటే, ప్రేక్షకుల్లో ఉన్న ఈ. కింగ్ గిల్ అనే విద్యార్థి జట్టు దుస్తులు వేసుకుని, అవసరమైతే దిగడానికి సిద్ధంగా అంచున నిలబడ్డాడట. అతడిని దింపాల్సిన అవసరం రాలేదు. అయినా అప్పటి నుంచి, పదకొండు మందితో ఆడే జట్టుకు పన్నెండో మనిషిగా అందరూ నిలబడుతూనే ఉన్నారు. జట్టు గెలిస్తే, సైనిక శిక్షణ పొందే విద్యార్థుల క్యాడెట్ దళంలోని మొదటి ఏడాది పిల్లలు యెల్ లీడర్లను తరిమి పట్టుకుని కొలనులో పడేసేవారు. ఓడితే ఎవరూ వెంటనే కదలరు. విద్యార్థులు తమ చోటనే ఉండి, వచ్చే వారపు ఆట కోసం మరికొన్ని కేకలు సాధన చేసి అప్పుడు బయలుదేరుతారు. ఈ రెండో ఆచారం ఎంత బరువైనదో నాకు ఆ అక్టోబరులో తెలిసింది.

మొదటి పతనం

2014లో జట్టు మొదటి అయిదు ఆటలూ గెలిచింది. అయితే అయిదోది, ఆర్కన్సాతో జరిగినది, అదనపు సమయంలో 35-28తో గట్టెక్కింది. ఆ సోమవారం మా టెక్నీషియన్ మొహంలో సంతోషం కనిపించలేదు. మనవాళ్ళ మడమలు వెనక్కి జరిగాయి అన్నారు. వారం తిరగకుండానే మిసిసిపీ స్టేట్ చేతిలో 48-31తో ఓటమి ఎదురైంది. తరువాతి శనివారం ఓల్ మిస్, అంటే మిసిసిపీ విశ్వవిద్యాలయం జట్టు, మా ఊరు వచ్చింది. ఆ రాత్రి కైల్ ఫీల్డ్‌లో 1,10,633 మంది ఉన్నారు. అంతమంది మనుషులను ఒక చోట నేను అంతకుముందు చూసింది పుష్కరాల్లోనే. ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని పోరాట గీతానికి ఊగుతుంటే పై అంతస్తు కాంక్రీటు కాళ్ళ కింద నిజంగానే కదిలేది. ఆ ఊపు మధ్యలోనే ఆట 35-20తో పోయింది. ఓటమి తరువాత ఎవరూ కదలలేదు. బొంగురు గొంతులతో వంగి, వచ్చే వారం అలబామాను ఎదుర్కోవడానికి కేకలు సాధన చేశాం.

ఆ అలబామా ఆట టీవీలో చూశాం. సగం ఆటకు 45-0. చివరికి 59-0. మా గదిలో నలుగురం ఉండి కూడా ఒక్కరం మాట్లాడలేదు. కరీంనగర్ వాడు లేచి, "గింత పెద్ద టీము, ఒక్క పాయింటు గూడ రాలేదేంది మామా?" అని నా వైపు చూశాడు. నాకు జవాబు తెలియలేదు. కొంతకాలం గడిచాక తెలిసిందేమిటంటే, సెప్టెంబరులో అందరినీ తికమక పెట్టిన ఆ వేగవంతమైన ఆటతీరును అక్టోబరు వచ్చేసరికి ప్రతి ప్రత్యర్థి వీడియోలు చూసి వంటబట్టించుకున్నాడు, మనవైపు నుంచి మాత్రం కొత్తది ఏదీ రాలేదు. పైగా దాడి ఎంత వేగంగా జరిగితే అంత వేగంగా బంతి ఎదుటివాళ్ళకు వెళ్ళిపోతుంది. అప్పుడు రక్షణ దళానికి ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. వేగమే మన బలమని గోడల మీద రాసుకున్న జట్టులో, ఆ వేగం మన రక్షణ దళాన్నే ముందు అలసిపోయేలా చేస్తోందని గుర్తించి సర్దుబాటు చేసుకోవడం కోచ్ పని. ఆ సర్దుబాటు నేను ఉన్నంత కాలం జరగలేదు.

క్వార్టర్‌బ్యాక్‌గా కెనీ హిల్ స్థానంలో కైల్ ఆలెన్ వచ్చాడు. నవంబరులో ఆబర్న్ మీద 41-38తో ఒక అద్భుతమైన గెలుపు దక్కింది. ఆ వెంటనే మిజోరీ చేతిలో ఓటమి. థాంక్స్‌గివింగ్ పండుగ రాత్రి ఎల్‌ఎస్‌యూ (లూయిజియానా స్టేట్ విశ్వవిద్యాలయం)తో ఆట. అమెరికా విద్యార్థుల్లో చాలామంది ఇళ్ళకు వెళ్ళిపోయినందువల్ల మాకు అంతకుముందు ఎన్నడూ దొరకనంత ముందు వరుస దొరికింది. అప్పుడు పాదాలు చూశాను. మొదటి పావులో రెండు వరుసలూ ఒకే గీత మీద ఢీకొనేవి. నాలుగో పావు వచ్చేసరికి బంతి కదలగానే మన వరుస రెండు అడుగులు వెనక్కి జరిగేది. ఆ ఖాళీలోంచి లెనార్డ్ ఫోర్నెట్ అనే కుర్రాడు అడ్డువచ్చినవాళ్ళను గుద్దుకుంటూ దూసుకుపోయేవాడు. దగ్గరలో ఉన్నాం కాబట్టి ఆ గుద్దుళ్ళ చప్పుడు కూడా వినిపించేది. నడుముల మీద చేతులు వేసుకుని, తల వంచి, ఊపిరి కోసం తంటాలు పడుతున్న మన పిల్లల వీపుల మీంచి చలిలో ఆవిరి లేచేది. వాళ్ళలో సగం మందికి ఇరవై ఏళ్ళు కూడా నిండి ఉండవు. ఆట 23-17తో పోయింది. ఆ వెంటనే రక్షణ దళాన్ని చూసే కోచ్ మార్క్ స్నైడర్‌ను తొలగించారు. ఎల్‌ఎస్‌యూలో అదే పని చేసే జాన్ చావిస్‌ను తీసుకువచ్చారు.

కూలిన పడమటి గోడ

ఇంటికి వెళ్ళే స్తోమత లేక ఆ శీతాకాలపు సెలవుల్లో మేము అక్కడే ఉండిపోయాం. డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున్నే కైల్ ఫీల్డ్ పడమటి భాగాన్ని పేలుడు పదార్థాలతో కూల్చివేశారు. వెల్‌బోర్న్ రోడ్డు పక్కన రైలు పట్టాలు ఉంటాయి. ఆట మధ్యలో గూడ్సు బండి కూత వేస్తూ పోతే స్టేడియం లోపలికి వినిపించేది. ఆ వైపు ఉన్న మెట్లన్నీ కొన్ని క్షణాల్లో ముందుకు వంగి కూలిపోయాయి. వరుసగా దబదబమని శబ్దాలు, తరువాత ఛాతీకి తగిలే ఒక అదురు, ఆపైన బూడిదరంగు దుమ్ము. మా టెక్నీషియన్ కూడా మనవడిని వెంటబెట్టుకుని వచ్చారు. తాను, తన తండ్రి కూర్చున్న వరుస అదేనని ఆ పిల్లవాడికి వేలితో చూపించారు. చూపించిన చోట అప్పటికే ఏమీ లేదు.

మొత్తం 48.5 కోట్ల డాలర్లతో స్టేడియాన్ని పునర్నిర్మించారు. 2015లో అది 1,02,733 సీట్లతో సిద్ధమైంది. అంత డబ్బు, అంత కాంక్రీటు, అంత శ్రద్ధ పెట్టగలిగినవాళ్ళు జట్టు ముందు వరుసను కట్టుకోవడం మీద కూడా అంతే శ్రద్ధ పెట్టి ఉంటే బాగుండేదని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లు

నేను చూసిన వాటిలో నా మనసును ఎక్కువగా నొప్పించింది 2015. ఆ ఏడాది జట్టులో ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లు ఉన్నారు. ఒకరు కైల్ ఆలెన్, రెండోవాడు టెక్సస్ హైస్కూల్ ఫుట్‌బాల్‌లో ఓటమి అంటే తెలియకుండా వచ్చిన కైలర్ మర్రీ. ఇద్దరూ దేశమంతా కోరుకున్న కుర్రాళ్ళే. ఈసారి కూడా మొదటి అయిదు ఆటలూ గెలిచారు. ఊళ్ళో మళ్ళీ ఆశలు చిగురించాయి. అక్టోబరులో అలబామా వచ్చింది. మనవాళ్ళు విసిరిన మూడు పాస్‌లను అలబామా ఆటగాళ్ళు మధ్యలోనే అందుకుని నేరుగా మైదానం చివరి గీత దాటి టచ్‌డౌన్ చేశారు. డెరిక్ హెన్రీ 236 గజాలు పరుగులు తీశాడు. 41-23. మరుసటి వారం ఓల్ మిస్ దగ్గర మూడంటే మూడు పాయింట్లే వచ్చాయి, 23-3.

ఇక అక్కడి నుంచి కోచ్‌ల చేతులు తడబడ్డాయి. ఆలెన్‌ను పక్కన పెట్టి మర్రీకి పగ్గాలు ఇచ్చారు. సౌత్ కరొలైనా మీద అతను మెరిశాడు. ఆబర్న్ మీద తడబడ్డాడు. సీజన్ ముగిసేవేళకు మళ్ళీ ఆలెనే ఆడాడు. ఎల్‌ఎస్‌యూ దగ్గర 19-7తో ఓటమి. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ పిల్లవాడికి ఈ వారం నువ్వు, వచ్చే వారం ఏమో చూద్దాం అని చెబితే, అతను ప్రతి పాస్‌నూ తప్పు జరగకూడదన్న భయంతోనే విసురుతాడు. అభ్యాసంలో భుజాన్ని సరిదిద్దే కోచ్‌లు చాలామంది దొరుకుతారు. ఆ భయాన్ని తీసేసేవాడే అసలైన కోచ్. ఆ మాట మా ప్రయోగశాల పెద్దాయన అంటుంటే ఆయన గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువగా వినిపించేది.

ఆ డిసెంబరులో రోజుల వ్యవధిలో ఇద్దరూ జట్టును వదిలి వెళ్తున్నట్టు ప్రకటించారు. గ్రంథాలయంలో పరీక్షలకు చదువుకుంటుండగా ఆ రెండో వార్త ఫోన్లలో వచ్చింది. ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు గుసగుసలు పాకడం, ఒకమ్మాయి పుస్తకం మూసేసి కిటికీలోంచి చూస్తూ ఉండిపోవడం నేను చూశాను. చివరి బౌల్ ఆటలో మూడో క్వార్టర్‌బ్యాక్ జేక్ హ్యూబెనక్ ధైర్యంగానే ఆడాడు కానీ లూయివిల్ 27-21తో గెలిచింది. మర్రీ ఓక్లహోమాకు వెళ్ళి 2018లో హైస్మన్ బహుమతి అందుకున్నాడు. ప్రతిభ మన ఇంట్లోనే ఉండింది. దానిని పెంచి నిలబెట్టుకోవడమే మనకు చేతకాలేదు.

హ్యూస్టన్ నుంచి రాకపోకలు

పట్టా చేతికి వచ్చాక నాకు హ్యూస్టన్‌లో ఉద్యోగం దొరికింది. గంటన్నర ప్రయాణం. 290వ నంబరు రహదారి, తరువాత 6వ నంబరు. తెనాలివాడూ నేనూ ఒకే కారులో వెళ్ళేవాళ్ళం. దారిలో హెంప్‌స్టెడ్ దగ్గర కాఫీ కోసం ఆగడం మాకు అలవాటు. ఓక్లహోమా నుంచి వచ్చిన ట్రెవర్ నైట్ 2016లో జట్టును నడిపించాడు. టెనెసీతో జరిగిన ఆట నా జీవితంలో చూసిన ఆటల్లోకెల్లా గొప్పది. 28-7 ఆధిక్యం కరిగిపోయి, అదనపు సమయం రెండు విడతలు నడిచి, చివరికి 45-38తో గెలుపు దక్కింది. ఆ రాత్రి కొలను చుట్టూ జనం మధ్య యెల్ లీడర్లు తడిసి ముద్దవడం చూసి, మేమూ గొంతు కలిపి, తెల్లవారుజామున హ్యూస్టన్ చేరాం. జట్టు 6-0. నవంబరు మొదట్లో ప్రకటించిన, జాతీయ విజేతను తేల్చే ప్లేఆఫ్ ర్యాంకుల్లో నాలుగో స్థానం. అప్పట్లో ప్లేఆఫ్‌కు అర్హత నాలుగు జట్లకే.

ఆ ర్యాంకు వచ్చిన వారంలోని శనివారమే మిసిసిపీ స్టేట్ చేతిలో 35-28తో ఓటమి. నైట్ భుజానికి గాయం. ఓల్ మిస్ ఆటలో చివరి పావు మొదలయ్యేటప్పటికి మనం 21-6తో ముందున్నాం. అటువైపు షే ప్యాటర్సన్ అనే కుర్రాడు తన మొట్టమొదటి ఆట ఆడుతున్నాడు. ఆ ఒక్క పావులో వాళ్ళు 23 పాయింట్లు చేసి 29-28తో గెలిచారు. పదిహేను పాయింట్ల ఆధిక్యం ఉన్నప్పుడు గడియారాన్ని కరిగించడం, బంతిని పట్టుకుని ముందు వరుసతో గజం గజం నెట్టుకుంటూ పోవడం ఏ జట్టుకైనా తెలియాలి. మనకు ఆ ఆట నేర్పలేదు. ఎప్పుడూ వేగంగా ఆడడమే నేర్పారు. నెమ్మదిగా ఆడవలసి వచ్చిన రోజున చేతులు కట్టేసినట్టయింది. థాంక్స్‌గివింగ్ నాడు ఎల్‌ఎస్‌యూ 54-39తో గెలిచింది. డెరియస్ గైస్ ఒక్కడే 285 గజాలు పరుగెత్తాడు. రక్షణ దళానికి కోచ్ మారి రెండేళ్ళయింది. మడమలు మాత్రం అలాగే వెనక్కి జరిగాయి. మరుసటి వసంతంలో ఎన్‌ఎఫ్‌ఎల్ అనే వృత్తి ఫుట్‌బాల్ లీగు ఎంపికల్లో దేశంలోకెల్లా మొదటివాడిగా వెళ్ళిన మైల్స్ గ్యారెట్ ఆ రక్షణ దళంలోనే ఉన్నాడంటే, లోపం పిల్లల్లో ఉందని ఎవరు అనగలరు?

వరద తరువాతి ఆదివారం

2017 ఆగస్టు చివర్లో హార్వీ తుఫాను హ్యూస్టన్‌ను ముంచింది. మా అపార్ట్‌మెంటు కింది అంతస్తులో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. కింది ఇంటివాళ్ళ పరుపులు, కుర్చీలు, పిల్లల పుస్తకాలు వీధి అంచున గుట్టలుగా పడి ఉన్నాయి. ఆ గుట్టల కుళ్ళు వాసన మధ్య, ఆ ఆదివారం సాయంత్రం, కింది కుటుంబం కూడా మా గదిలోనే కూర్చుని ఉండగా, లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయంతో సీజన్ మొదటి ఆట టీవీలో చూశాం. మూడో పావులో 44-10తో మనం ముందున్నాం. వారం రోజులుగా నవ్వు లేని ఆ గదిలో నవ్వులు వినిపించాయి. అక్కడి నుంచి వాళ్ళు వరుసగా 35 పాయింట్లు చేశారు. గడియారం ఆపుతున్నట్టు నటించి వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ జాష్ రోజెన్ వేసిన చివరి పాస్‌తో 45-44 అయింది. అప్పటిదాకా ఈ పతనాలు అక్టోబరు, నవంబరుల్లో వచ్చేవి. ఈసారి మొదటి రోజే వచ్చింది.

ఆ తరువాత కొద్ది రోజులకు సమ్లిన్ ఇంటికి జాతిద్వేషంతో నిండిన ఉత్తరం ఒకటి వచ్చింది. ఆయన భార్య దానిని బయటపెట్టారు. ఆ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టుకు మొదటి నల్లజాతి ప్రధాన కోచ్ ఆయన. ఆయన శిక్షణలోని లోపాల గురించి ఇంత రాసిన నేను, ఆ ఉత్తరం రాసినవాడితో ఒకే వరుసలో నిలబడడానికి ఎంత మాత్రం ఇష్టపడను. ఆరేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా గెలుపుల కన్నా ఓటములు ఎక్కువైన సీజన్ ఇవ్వలేదు. ఆయన లెక్క 51 గెలుపులు, 26 ఓటములు. చాలా విశ్వవిద్యాలయాలు అంతకు సంబరపడతాయి. అయినా ఏటా ఒకే నెలలో, ఒకే చోట, ఒకే విధంగా గోడ కూలుతుంటే, దాని కింద నలిగేది ఆ పిల్లలే. వేసవి ఎండల్లో పరుగులు తీసి, గాయాలకు కట్లు కట్టుకుని, నవంబరు వరకు నిలబడిన ఆ పిల్లలకు నవంబరులో ఎలా గెలవాలో చెప్పవలసిన బాధ్యత పెద్దలదే.

ఆ నవంబరు 25న ఎల్‌ఎస్‌యూ చేతిలో 45-21తో ఓడిన మరునాడు ఆయనను తొలగించారు. ఒప్పందం ప్రకారం కోటి డాలర్లకు పైగా చెల్లించారు. ఫ్లోరిడా స్టేట్ నుంచి జింబో ఫిషర్‌ను పదేళ్ళకు 7.5 కోట్ల డాలర్లకు తెచ్చారు. ఆయన కథ వేరు, అది కూడా మంచిగా ముగియలేదు.

నాకు మాత్రం ఎల్‌ఎస్‌యూ దగ్గరే మనసు ఆగిపోతుంది. సమ్లిన్ ఆరేళ్ళలో ఆరుసార్లు వాళ్ళతో ఆడి ఆరుసార్లూ ఓడారు. చివరికి 2018 థాంక్స్‌గివింగ్ వారాంతంలో, అదనపు సమయం ఏడు విడతలు సాగిన ఆటలో, ఏ అండ్ ఎం 74-72తో గెలిచింది. అర్ధరాత్రి దాటాక తెనాలివాడు డల్లాస్ నుంచి, కరీంనగర్ వాడు సియాటెల్ నుంచి, అనంతపురం వాడు బెంగళూరు నుంచి ఒకే ఫోన్ కాల్‌లోకి వచ్చి ఒకరి మాట ఒకరు వినకుండా అరిచారు. వాళ్ళు అరుస్తుంటే నాకు గుర్తొచ్చింది మాతో పాటు 2014లో మొదటి ఏడాదిలో చేరిన పిల్లలు. ఆ చలి రాత్రి మా పక్క వరుసలో వంగి కేకలు వేసినవాళ్ళు, మా డబ్బాలో పులిహోర తిన్నవాళ్ళు. నాలుగేళ్ళు చదువుకుని, నాలుగు నవంబర్లు నిలబడి, ఎల్‌ఎస్‌యూ మీద ఒక్క గెలుపు కూడా చూడకుండా ఆ మే నెలలోనే పట్టాలు తీసుకుని వెళ్ళిపోయారు.